వంకాయ రంగు చూసి కొన్న కంప్యూటర్

మా నాయనకు కారు తోలడం రాదు. ఆయన జన్మలో నడిపింది ఒక్క మోపెడ్. అదీ ధర్మవరం వీధుల్లోనే, రెండు కాళ్లూ నేలకు తగిలేలా కిందికి వేలాడేసి. అలాంటి మనిషి అరవై దాటాక కార్ల పందేలకు దిగుతాడనీ, దిగి నా ప్రాణం తోడేస్తాడనీ ఎవరు మాత్రం అనుకుంటారు?

నాది హిందూపురంలో ఉద్యోగం. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. సాయంత్రం ఇంటికి రాగానే కాసేపు పాత లాప్‌టాప్‌లో కార్ల గేమ్ ఆడుకోవడం నాకు అలవాటు. మా ఆయన టీవీ ముందు కూర్చుంటాడు, నేను కార్లు తోలుకుంటాను. ఎవరి లోకం వాళ్లది. పోయిన వానాకాలంలో నాయన మోకాళ్లు చూపించుకోవడానికి ధర్మవరం నుంచి వచ్చి మా ఇంట్లో కొన్నాళ్లు ఉన్నాడు. పెళ్లికి ముందు నుంచీ మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని పట్టుచీరలు నేసిన మనిషి. మోకాళ్లు మొండికేశాక మగ్గం మీద నుంచి లేచాడు. ఇప్పుడు ఆ మగ్గం మీద కూలికి వేరే ఆయన నేస్తుంటే, నాయన పక్కన నిలబడి రంగుల మీద పేచీలు పెడుతుంటాడు.

మా ఇంట్లో పేచీ పెట్టడానికి ఏమీ దొరకలేదేమో, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏం చేస్తాండావు మే?"

"కారు తోలుతాండా నాయనా."

"నాకూ ఒకటి ఇయ్యి."

ఆ గేమ్‌లో స్క్రీన్‌ను రెండు సగాలు చేసుకుని ఇద్దరు ఆడొచ్చు. గేమ్‌ప్యాడ్ చేతికిచ్చి, ఏ మీట నొక్కితే కారు కదులుతుందో చూపించాను. అదే నేను చేసిన పని. మరుసటి రోజు నుంచి నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి ఆయన లాప్‌టాప్ ముందు కాచుకుని ఉండేవాడు. కాఫీ తాగనిచ్చేవాడు కాదు. ఒకరోజు పందెం సగంలో ఉండగా ఆ పాత లాప్‌టాప్ వేడెక్కి, గుర్రుమని గురక పెట్టి ఆరిపోయింది. అప్పటికి నాయన మూడో స్థానంలో ఉన్నాడు. ముందున్న కార్లన్నీ ఒకదాన్నొకటి గుద్దుకోవడం వల్ల వచ్చిన మూడో స్థానం అది. కానీ ఆయన లెక్క వేరు.

"గెలిచేవాణ్ని మే. ఇది సచ్చిపాయ. మంచిది ఒకటి కొందాం పా. ఇద్దరమూ ఆడుకోవచ్చు."

కొందాం అనడం వరకు బాగానే ఉంది. ఏది కొనాలన్న దగ్గర మొదలైంది నా ఖర్మ.

నేను లాప్‌టాప్ అన్నాను. నేను హిందూపురంలో, ఆయన ధర్మవరంలో. ఆదివారం రైల్లో వెళ్లేటప్పుడు సంచిలో పెట్టుకుని పోతే చాలు, తిరిగి వచ్చేటప్పుడు తెచ్చుకోవచ్చు. నాయన ఒప్పుకోలేదు.

"ఒళ్లో పెట్టుకునేది ఏం వస్తువు మే అది? కంప్యూటర్ అంటే బల్ల మీద ఉండల్ల. టీవీ మాదిరి పెద్దగా కనపడల్ల."

"మరి నేను ఆడేదెట్ల?"

"ఆదివారం వస్తావు గదా."

అంటే ఆయన ఇంట్లో పెట్టుకుని వారమంతా ఆడతాడు, నేను ఆదివారం చుట్టపుచూపుగా వెళ్లి ఆడాలి. ఆయన ధర్మవరం వెళ్లిపోయాక కూడా దాని మీద ఫోన్లో ఎంత వాదించుకున్నామో చెప్పలేను. "మీ ఇద్దరికీ ఒక కాగితం పడవ చేసిస్తా, ఆడుకోండి," అని మా అమ్మ వెనక నుంచి అరిచేది. చివరికి అలసిపోయి, సరే, అంగడికి పోయి చూసి తేల్చుకుందాం అన్నాను. కళ్లతో చూస్తే లాప్‌టాప్ మీద మనసు పడుతుందని నా ఆశ.

నాయనను మళ్లీ హిందూపురం పిలిపించి, ఒక పెద్ద అంగడికి తీసుకెళ్లాను. వరుసగా గేమింగ్ లాప్‌టాప్‌లు తెరిచి పెట్టి ఉన్నాయి. కీబోర్డుల కింద రంగురంగుల లైట్లు పారుతున్నాయి. అమ్మకం చూసే అతను ప్రాసెసర్ గురించి, గ్రాఫిక్స్ కార్డు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. నాయన విన్నట్టే తలాడించి, చొక్కా జేబులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. దాంట్లో పట్టుదారం ముక్కలు. కుంకుమ రంగు, చిలకపచ్చ, వంకాయ రంగు.

"నాయనా, ఏంటికివి?"

"ఉండు మే." అతని వైపు తిరిగి ఫోన్ చాపాడు. "ఏమప్పా, ఈ చీర ఫోటో దీంట్లో పెట్టు. వంకాయ రంగు వంకాయ రంగు మాదిరి కనపడల్ల. చూస్తా."

"అంకుల్, గేమింగ్‌కి కలర్ ఏం చేస్తారు? స్పీడ్ చూడండి."

"స్పీడ్ నాకేంటికి? నేనేం బెంగుళూరికి పోవల్లనా?"

పాపం, అతను పెట్టాడు. నాయన దారాన్ని స్క్రీన్ పక్కన పట్టుకుని, అద్దాలు తీసి, పెట్టి, మళ్లీ తీసి చూశాడు. ఇది నీలం. ఇది నలుపు. ఇది కుళ్లిన వంకాయ. అంగట్లో ఉన్న లాప్‌టాప్‌లన్నిటికీ ఆ దారం చూపించాడు. మడకశిర నుంచి వచ్చినట్టున్న భార్యాభర్తలు ఇద్దరు తమ బేరం ఆపి, కన్నడంలో ఏదో అనుకుని నవ్వుతున్నారు. నేను ఫోన్ వచ్చినట్టు నటించి బయటికి వెళ్లి మెట్ల మీద నిలబడ్డాను. నాయన బయటికి వచ్చి, "వీళ్ల తాన ఏమీ లేదు మే," అన్నాడు, బజారులో పుచ్చు వంకాయలు చూసి వచ్చినవాడిలా.

ధర్మవరంలో తెలిసిన అంగళ్లు ఆయనే ఒంటరిగా చూసి వచ్చాడట. అక్కడా అదే తంతు. "ఇంక ఆ అంగళ్ల ముందు నుంచి నేను కూరగాయలకు కూడా పోలేను," అని అమ్మ ఫోన్లో మొత్తుకుంది.

చివరికి పెనుకొండ అనుకున్నాం. ఇద్దరికీ మధ్యలో ఉంటుంది. విడిభాగాలు తెప్పించి కంప్యూటర్లు బిగించి ఇచ్చే ఒకాయన అక్కడ ఉన్నాడని మా ఫ్యాక్టరీలో చెప్పారు. నేను ఇటు నుంచి బస్సెక్కాను, నాయన అటు నుంచి ఎక్కాడు. ఆ అంగడాయన నాయన వయసు వాడే. అప్పటికే నేను లాప్‌టాప్ ఆశ వదిలేసుకున్నాను. ఏదో ఒకటి కొని ఇంటికి పోతే చాలన్న స్థితికి వచ్చాను. సీపీయూ డబ్బా సంగతి సాఫీగానే తేలిపోయింది. మానిటర్ దగ్గర కవరు బయటికి వచ్చింది.

అంగడాయన రెండు మానిటర్లు పక్కపక్కన పెట్టాడు. ఒకదాంట్లో వంకాయ రంగు అచ్చం దారంలో ఉన్నట్టే ఉంది. నాకే ఆశ్చర్యమేసింది. నాయన మొహం వెలిగిపోయింది.

"ఇదే," అన్నాడు.

"అన్నా, రంగు బాగుండాది, కాదనను. కానీ ఇది ఫోటోలు చూసుకునేదానికి. కార్లు వేగంగా పోతాంటే వెనక నీడ మాదిరి పడతాది. ఆటకు ఆ రెండోది తీసుకో," అని అంగడాయన చెప్పాడు.

"నీడ పడితే ఏమప్పా? ఎండకు తిరిగే కారుకు నీడ పడదా?"

నేను చెప్పాను, అంగడాయన చెప్పాడు. నాయన ఆ మానిటర్ మీద నుంచి చెయ్యి తీయలేదు. సరే నాయనా, నీ ఇష్టం అన్నాను. ఒళ్లో పెట్టుకునే వస్తువు వద్దన్న మనిషి, పెనుకొండ నుంచి ధర్మవరం దాకా బస్సులో ఆ మానిటర్ పెట్టెను ఒళ్లోనే పెట్టుకుని, రెండు చేతులా కావలించుకుని కూర్చున్నాడు. సీపీయూ డబ్బా నా ఒళ్లో. కాళ్లు తిమ్మిరెక్కి బస్సు దిగాక నేను కాసేపు నడవలేకపోయాను.

ఇంట్లో కంప్యూటర్ పెట్టే చోటు మగ్గం ఉన్న గదిలోనే దొరికింది. నేసేటప్పుడు బల్ల అదురుతుంది, పట్టు పీచు పోయి ఫ్యాన్లో చుట్టుకుంటుంది, కరెంటు పోతే యూపీఎస్ కుయ్ కుయ్ మంటుంది. అన్నీ సర్దుకున్నాం. మొదటి ఆదివారం పందెం మొదలుపెట్టాం. అంగడాయన చెప్పినట్టే ప్రతి కారు వెనకా ఒక మసక తోక. నాకు తల తిరిగింది. నాయనకు తిరగలేదు. ఆయన ఇంకా పెద్ద పని చేశాడు. నడిరోడ్డు మీద కారును పక్కకు తీసి ఆపాడు.

"ఏమైంది నాయనా? ఎందుకు ఆపినావు?"

"వెనక ఎవరో వస్తాండారు మే. దావ ఇస్తాండా."

"ఎవరూ లేరు! అది నీడ!"

"నీడైతే కదలదు గదా? కదులుతాండాది, చూడు."

మేమిద్దరం ఒకే జట్టు. ఇద్దరమూ చేరితేనే పందెం ముగుస్తుంది. నేను ఎంత ముందు చేరినా లాభం లేదు. ఆయన మలుపు మలుపులో ఆగి, హారన్ కొట్టి, లేని కారుకు దారి ఇచ్చి, ఎడమ పక్క పట్టుకుని మోపెడ్ మీద వచ్చినట్టు వస్తాడు. వారం వారం చివరి స్థానం. ఒక ఆదివారం ఇక తట్టుకోలేకపోయాను.

"ఆట కోసం కొన్నామా, చీర కోసం కొన్నామా? అంగడాయన చెప్తే విన్నావా, నేను చెప్తే విన్నావా? నీ వంకాయ రంగు నువ్వే చూసుకుంటా కూర్చో," అని గేమ్‌ప్యాడ్ బల్ల మీద పడేశాను.

మగ్గం మీద నేసే ఆయన చెయ్యి ఆపాడు. నాయన లేచాడు. గేమ్‌ప్యాడ్ రెండూ తీసి, వైర్లు చుట్టి, డబ్బాలో పెట్టి, చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. అమ్మ నా వైపు చూసి, "తృప్తిగా ఉందా?" అంది. లేదు. కానీ కోపమూ తగ్గలేదు. ఆ సాయంత్రం రైల్లో హిందూపురం వచ్చేదాకా మనసులో ఆయనతో వాదిస్తూనే ఉన్నాను.

తరువాతి ఆదివారం ఫ్యాక్టరీలో సరుకు లెక్కలున్నాయని వెళ్లలేదు. ఆ పై వారంలో ఒక మధ్యాహ్నం, అన్నం తింటుండగా ఫోన్ వచ్చింది.

"మే, పెనుకొండలో ఉండా."

"పెనుకొండలో ఏంటికి?"

"ఆ మానిటర్ తెచ్చినా. మార్చి ఇస్తానన్నాడు ఈయన. మళ్లా రెండు చూపిస్తాండాడు. ఏది తీసుకోవల్ల?"

ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని, ఆ మోకాళ్లతో, ఒక్కడే బస్సెక్కి వచ్చాడు. నాకు ఒళ్లు మండింది. పడితే ఏంటి గతి? ముందే చెప్తే నేను రానా? అవన్నీ నోటి దాకా వచ్చాయి. "నీకు నచ్చింది తీసుకో నాయనా," అని మాత్రం అన్నాను.

"నాకు నచ్చిందానితో ఆడలేము గదా మే. నువ్వు సెప్పు."

అంగడాయనకు ఫోన్ ఇమ్మన్నాను. మాట్లాడి, రెండోది ఖాయం చేశాను. నాయనను ఆటోలో బస్టాండుకు పంపించి, మానిటర్‌ను బస్సు డ్రైవరు పక్కన పెట్టించమని కూడా అంగడాయనకే చెప్పాను. నాయన పెట్టనిచ్చాడా? ఒళ్లోనే పెట్టుకున్నాడని అమ్మ తరువాత చెప్పింది.

ఆ ఆదివారం కొత్త మానిటర్ ముందు కూర్చున్నాం. తోకలు లేవు. కార్లు కడిగినట్టు స్పష్టంగా కనిపిస్తున్నాయి. నాయన చీర ఫోటో తెరవలేదు. కానీ ఆకాశం రంగు చూసి ఒకసారి, చెట్ల రంగు చూసి ఒకసారి "చ్చ" అన్నాడు. వినిపించుకోలేదు నేను. ఈసారైనా చివరి స్థానం తప్పించుకోవాలని నా పట్టుదల. మొదట్లో బాగానే వచ్చాడు. నా వెనకే, పెద్దగా ఆగకుండా. ఒక చెరువు పక్క నుంచి పోయే మలుపులో ఆయన సగం స్క్రీన్‌లో కారు రోడ్డు దిగి మట్టిదారిలోకి తిరిగింది.

"నాయనా, అటు కాదు, రోడ్డు ఇటు."

"ఈ దావ యాడికి పోతాది మే?"

"యాడికీ పోదు. అది ఊరికే వేసినారు."

"ఊరికే దావ ఎవరన్నా వేస్తారా? రా, పోయి చూద్దాం."

గెలవడం ఎలాగూ లేదు. ఆయన లేకుండా నేను చేరినా పందెం ముగియదు. విసుక్కుంటూనే నా కారు తిప్పి ఆయన వెనక మట్టిదారిలోకి పోనిచ్చాను. దారి చెరువు గట్టు మీదుగా పోయి, రెండు గుడిసెల మధ్యలోంచి దూరి, ఒక కంచె దగ్గర ఆగిపోయింది. కంచె అవతల ఏమీ లేదు, పచ్చిక. నాయన కాసేపు దాన్నే చూశాడు.

"బాగుండాది," అన్నాడు.

ఇక వెనక్కి తిప్పుకోవాలి. ఆ సందులో రెండు కార్లు తిరగవు. ఆయన వెనక్కి వస్తే నన్ను గుద్దుతాడు, నేను వెనక్కి పోతే గుడిసెను గుద్దుతాను. "ఆగు నాయనా", "నువ్వు ముందు జరుగు మే", "జరగనిస్తే గదా" అంటూ ఇద్దరం మీటలు నొక్కుతూనే ఉన్నాం. అమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచింది. మగ్గం మీద ఆయన నేత ఆపి, మా వెనక నిలబడి ఎటు తిప్పాలో చెప్పడం మొదలుపెట్టాడు. ఆయనకూ డ్రైవింగ్ రాదు. ఇంతలో సమయం అయిపోయిందని, మేం చివరి స్థానంలో ఉన్నామని స్క్రీన్ మీద పడింది.

"చూసినావా నాయనా, మళ్లా పోయింది!"

"నువ్వు అడ్డం నిలబడకుంటే వచ్చేవాణ్ని," అన్నాడు ఆయన, గేమ్‌ప్యాడ్ కింద పెట్టకుండా. "మళ్లా పెట్టు."

పెట్టాను.