పెద్దోళ్ల అంగడి ఆటకు మా మాట

ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో పోయి, ఆదోనిలో ఆడవాళ్ల లోదుస్తుల అంగట్లో పదకొండేండ్లుగా కౌంటర్ దగ్గర నిలబడతాండాను. వచ్చేవాళ్లు కావాల్సింది నోరు తెరిచి అడగరు. వేలు చూపిస్తారు. కొలత అడిగితే తల వంచుకుంటారు. ప్యాకెట్ నల్ల కవర్లో పడినంక గానీ ఊపిరి పీల్చుకోరు. ఆ సిగ్గు చూసి చూసి నాకు ఒళ్లు మండేది.

అందుకేనేమో ఆ కంప్యూటర్ ఆట దొరికినప్పుడు వదల్లేకపోయినాను. యాడనో పరదేశంలో ఒకామె ఒక్కతే కూర్చొని చేసిన ఆట. పడకింటి సరసాల సామాన్లు అమ్మే అంగడి మనం నడపాల. సరుకు తెప్పించాల, బీరువాలు సర్దాల, వచ్చినోళ్లకు ఏం కావాల్నో విని ఇయ్యాల. మధ్యమధ్యలో పెద్దోళ్లు మాత్రమే చూడాల్సినవి ఉన్నాయి, లేవని బుకాయించను. నన్ను పట్టుకునింది మాత్రం ఆ అంగడామె. ఎవరు ఏమడిగినా ఆమె తల వంచుకోదు.

ఆట శానా పెద్దది. మా ఎమ్మిగనూరు ఇంట్లో నెట్టు నుంచి దిగేదానికి రెండు దినాలు పట్టింది. నా మాదిరి పాత కంప్యూటరు, నత్తనడక నెట్టు ఉన్నోళ్లు ఎందరో కదా అనిపించి రీప్యాక్ చేసేది నేర్చుకున్నాను. అంటే ఆటను విప్పి, అక్కర్లేని భాషలు తీసేసి, వీడియోలు కుదించి, మళ్లీ చిన్న మూట కట్టడం. ఆట చేసినామెకు రాసి అడిగితే, "ఉచితంగా ఇచ్చిందే. నా పేరు ఉంచు, పెద్దోళ్లకు మాత్రమేనని ముందే చూపించు, పంచుకో" అని జవాబిచ్చింది.

అమ్మ మగ్గం నేసే గది పక్కన కూర్చొని, ఆదివారాలన్నీ దానికే పెట్టినాను. ఆటలోని మాటలన్నీ తెలుగు చేసినాను. అంగడామె, "రాక్కా, ఈడ అడక్క ఇంక యాడ అడుగుతావు?" అంటాది. సరుకు అయిపోవస్తే తెర మీద ఒక హెచ్చరిక రావాల. ఆడ, మగ్గానికి నూలు కండెలు చుట్టేటప్పుడు మా అమ్మ అనే మాట పెట్టినాను: "కండె అయిపోకముందే ఇంకో కండె సుట్టుకోవాల మే." అన్నీ అయినంక, భయపడి ఒక మగ పేరు తగిలించి నెట్లో పెట్టినాను.

"ఈ యాసేంటి, సరైన తెలుగు పెట్టండి" అని ఒకాయన రాసినాడు. "మాకు ఇదే సరైన తెలుగు. వేరేది కావాలంటే మీరు చేసుకోండి" అని రాసినాను.

నెల తిరక్కముందే ఒక ఆదివారం మా అన్న ఆదోని నుంచి వచ్చినాడు. పత్తి మిల్లులో గుమాస్తా. అమ్మ పక్కింటికి పోయింది. చెప్పులు కూడా విడవకుండా అడిగినాడు.

"ఆ అంగడి ఆట తెలుగు చేసింది నువ్వేనా?"

"యా ఆట?"

"నాటకాలొద్దు. ఆ కండె మాట మనమ్మ తప్ప ఇంకెవరంటారు?"

దొరికిపోయినాను అనుకున్నాను. మరుక్షణమే ఒక సంగతి తట్టింది.

"ఆ మాట నీకు యాడ కనపడిందన్నా?"

అన్న అప్పుడు చెప్పులు విడిచేదానికి వంగినాడు.

"ఆటలో సరుకు అయిపోవస్తేనే అది వస్తాది. బాగానే యాపారం చేసినట్టుండావు."

"నేను మొగోన్ని" అన్నాడు చివరికి.

"నేను అమ్మేదాన్ని. మీ ఇంటికి పోయేది గూడా నా చేతి సరుకే. వదిన నల్ల కవర్లోనే తీసుకపోతాది."

"దాన్ని తీసెయ్. నలుగురికీ తెలిస్తే నేను మొగం యాడ పెట్టుకోవాల?"

"నీ మొగం నీ ఇష్టం. నేను తీయను."

అంతలో అమ్మ వచ్చింది. అన్న అంతా చెప్పినాడు, తాను ఆడింది తప్ప. అది నేను చెప్పినాను. అమ్మ నా పక్క తిరిగింది.

"దొంగతనమా?"

"కాదుమా. చేసినామె ఒప్పుకునింది."

"పిల్లోళ్లకు ఇస్తాండావా?"

"లేదు."

"నాకైతే నచ్చలేదు" అనింది అమ్మ. తర్వాత అన్నను చూసి, "నువ్వు ఆడినప్పుడు రాని సిగ్గు, అది చేస్తే వచ్చిందా?" అనింది.

అన్న తినకుండానే బస్సెక్కినాడు. అమ్మ కూడా రెండు దినాలు నాతో ముక్తసరిగానే మాట్లాడింది. అది నాకు కష్టంగానే ఉండింది, ఏడ్చినాను కూడా. అయినా ఆ వారమే ఆటలో తప్పులు దిద్ది మళ్లీ పెట్టినాను. మగ పేరు కొట్టేసి, "ఎమ్మిగనూరు ఆడమనిషి చేసింది" అని రాసినాను. దాని కింద బూతులు వచ్చినాయి. చెరపలేదు, వాళ్ల పేర్లతోనే ఉండనీ అని వదిలేసినాను. కోసిగి నుంచి పనికి బెంగళూరు పోయిన ఒకామె మాత్రం, "అక్కా, ఆమె మా మాదిరే మాట్లాడతాంటే నవ్వాపుకోలేకపోయినా" అని రాసింది.

మూడు నెలలకు అన్న మళ్లీ వచ్చినాడు. సద్దరొట్టె, చెనిగ్గింజలు నూరిన ఊరిబిండి తిన్నాడు. ఆట మాట ఎత్తలేదు. నేనే ఎత్తినాను.

"దాన్ని తీయలేదు, తెలుసునా?"

రొట్టె ముక్క తుంచుకుంటా, తలెత్తకుండా అన్నాడు:

"తెలుసు."