నాకు రాజీ అక్కర్లేదు

మా దీవిలోని గోల్‌ఘర్ బజారు దుకాణంలో పడవల రంగు వాసన తగిలితే చాలు, నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

నాకు ఆరేళ్లప్పుడు షాదీపూర్‌లో మా ఇంటి ముందు నాన్న, పెదనాన్న ఉమ్మడి పడవ పంపకం కోసం కొట్టుకుచస్తున్నారు. ఆ అరుపులకు హార్బర్‌లో ఓడలు దారి తప్పాయి. రెండు కాకులు కాపురం పెట్టుకునేంత మీసమున్న టీకొట్టు భయ్యా మధ్యవర్తిగా కూర్చున్నాడు.

“సునో భాయ్, రాజీ కర్‌లో. ఒకే కడుపున పుట్టినోళ్లు కదా!”

“నాకు రాజీ అక్కర్లేదు!” అన్నాడు నాన్న.

“నాకు మాత్రం ఎందుకేటి?” అన్నాడు పెదనాన్న.

నా పేరు రాజీ. ఆ మాటకు ఇంకో అర్థముందని నాకెవరూ చెప్పలేదు.

పడవకని తెచ్చిన నీలం రంగు డబ్బాను ఒక్క తన్ను తన్నాను. సముద్రమంత రంగు ముగ్గురి మీదా పడింది.

“నేనెవులికీ అక్కర్లేదేటి?” అని ఏడ్చాను.

అన్నదమ్ములు ఒకరి నీలం మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు. పడవ ఉమ్మడిగానే ఉండిపోయింది. తగువు తీర్చినందుకు భయ్యాకు నా అంత చేపనిచ్చారు. రంగు ఒలకబోసినందుకు అమ్మ నాకు రెండు తగిలించింది.

వాళ్లిద్దరూ రాజీపడ్డారు. రాజీ మాత్రం ఇప్పటికీ పడలేదు.