తాలుకాయ హీరోతో ఒంగోలు దాకా

మా మేనకోడలు పావని తీసిన సినిమాలో హీరో ఒక మిరపకాయ. అదీ ఎర్రగా నిగనిగలాడే రకం కాదు. తెల్లబడి, నడుము వంగి, కళ్లంలో ఏరి అవతల పారేసే తాలుకాయ. ఆ హీరోగారిని ఒంగోలు తీసుకెళ్లిన పరివారం ముగ్గురం: పావని, వాళ్ల నాన్న అయిన మా బావ, నేను.

ఒంగోలులో యానిమేషన్ పొట్టి సినిమాల ప్రదర్శన. అన్నీ చూసి, ఒక్కరిని ఎంచి, హైదరాబాదులో ఏడాదిపాటు ఉచితంగా చదువు చెప్పిస్తారట. కాకపోతే ఎవరి బొమ్మలతో వాళ్లు అందరి ముందూ ఒక చిన్న సీను చేసి చూపించాలి. దీనికి మా బావ మరో షరతు తగిలించాడు. ఈ సీటు రాకపోతే వచ్చే నెల నుంచి పావని గుంటూరు మిర్చి కమీషన్ కొట్లో లెక్కలు రాయాలి.

గుంటూరులో పొద్దున ఏడింటి రైలు. స్టేషను బయట ఇడ్లీ తిన్నాం. అక్కడి అల్లప్పచ్చడికి నా చెవుల్లోంచి వచ్చిన ఆవిరితో ఆ రైలును బాపట్ల దాకా లాగించవచ్చు. వెళ్లదలచిన వాళ్లు మంచినీళ్లు దగ్గర పెట్టుకుని తినండి.

మా బావ చేతుల సంగతి ఇక్కడే చెప్పాలి. పుట్టిందగ్గర్నుంచీ మిరప చేలో ఉన్నవాడు, ఆ చేతులకి సెలవన్నది లేదు. పెళ్లిలో అక్షింతలు ఇస్తే వాటిలో రాళ్లు ఏరతాడు. ఆయన ఏరడం పూర్తయ్యేసరికి పెళ్లికొడుకు అత్తారింట్లో చేపల పులుసు తింటుంటాడు.

తెనాలి దాటాక ఎదురు సీటు పెద్దమ్మ, “ఏంటమ్మా ఆ డబ్బాలో?” అంది. పావని మూత తీసి చూపించింది. ఎర్రకాయలు, వాటి మధ్య హీరో, ఆయన పక్కన అవసరానికని తెచ్చిన డూపు. పావని డబ్బా వాళ్ల నాన్న ఒళ్లో పెట్టి మొహం కడుక్కోవడానికి వెళ్లింది. బావా, పెద్దమ్మా ఈ ఏటి తెగుళ్ల గురించి కబుర్లలో పడ్డారు. నేను కునుకు తీశాను.

“నాన్నా, మా తెల్లకాయలేవి?” అన్న కేకకి లేచాను. బాపట్ల దాటేసింది.

“తాలా? ఏరేశాగా!” అన్నాడు కూతురి సినిమా ఇంకా చూడని బావ గర్వంగా, కిటికీ చూపిస్తూ. “మేలు కాయలో తాలుంటే ఎవడైనా కొంటాడా?”

“ఒకటి నేనే ఏరానమ్మా, పాపం మీ నాన్నకి కళ్లు ఆనక!” అంది పెద్దమ్మ.

హీరో, డూపు ఇద్దరూ గాలికి పోయారు. పావని ఏడవలేదు. “సినిమాలో వాణ్ణి ఏరేసే చెయ్యి కూడా నీదే నాన్నా. కళ్లంలో తీశా. రైల్లో కూడా నువ్వేనా?” అంది. బావ మొహం వంకాయ రంగుకు తిరిగింది. ఒంగోలు దాకా ఆ చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

దిగి ఆటోలో హాలుకి చేరాం. పావని వంతు భోజనాల తర్వాత. ఆమె లోపలికి వెళ్లగానే బావ నా చెయ్యి పట్టుకుని బజారుకి ఈడ్చాడు.

“తాలుకాయ కావాలండీ” అన్నాడు మొదటి కొట్లో.

“మా కొట్లో తాలా? ఎవడు చెప్పాడండీ మీకు? వేలెట్టి చూపించండి!” అని షాపాయన బస్తా తిరగేసినంత పని చేశాడు.

రెండో కొట్లో బావ బతిమాలాడు. “అయ్యా, మా పిల్ల బతుకంతా ఒక్క తాలుకాయ మీద ఉందండీ.”

“ఏ స్వామి చెప్పాడండీ? దిష్టి తీయడానికా?” అన్నాడాయన జాలిగా.

ఒంగోలు మొత్తం గాలించాం. ఆ పూట ఊళ్లో ఏనుగు కావాలన్నా దొరికేదేమో, తాలు ఉందని ఒప్పుకునే కొట్టు మాత్రం దొరకలేదు. చివరికి భోజనానికి దూరిన మెస్సులో గోంగూర వడ్డిస్తున్న ఇల్లాలు మా గోడు విని, “దొడ్లో కారానికి కాయలు ఎండేశాం. కావాల్సినన్ని ఏరుకోండి అన్నయ్యగారూ” అంది. బావ విస్తరి ముందు నుంచి లేచిపోయాడు.

దొడ్లో గొంతుకూర్చుని ఒక్కో తెల్లకాయనూ వెలుగుకి పట్టి చూశాడు, పెళ్లిచూపుల్లో తాతగారిలా. “వీడు మరీ బక్కోడు. వీడికి నడుం లేదు. ఒరేయ్ బామ్మర్దీ, వీడి మొహం చూడు, దిగులుంది కదూ?” అన్నాడు. తాలుకాయకి మొహం ఉంటుందని ఆయనకి తట్టడం అదే మొదలు.

మేం తిరిగొచ్చేసరికి హాల్లో సినిమాలు నడుస్తున్నాయి. మార్టూరు నుంచి వచ్చినాయన, గ్రానైట్ పాలిష్ చేసేచోట మిగిలిన పొడిని నల్లరాతి మీద పరిచి, వేలితో గీసి గిత్తను పరుగెత్తించాడు. గిత్త చెదిరి మబ్బయింది, మబ్బు కురిసి ఏరయింది. చీరాల నేతవారి అమ్మాయి ఉత్త నూలుపోగులతో సముద్రం నేసింది. అందులో చేప, తన ముడి తనే విప్పుకుని వల దాటిపోయింది. ఇంకొకరు బొగ్గుతో ముసలావిడ బొమ్మ వేశారు. ఆవిడ ఒక్కొక్కరినీ మరిచిపోతుంటే గోడ మీది ఫొటోల్లో మొహాలు చెరిగిపోతున్నాయి. ఒక్కటీ పట్టుమని అయిదు నిమిషాలుండదు. ఒకదానికొకటి పోలిక లేదు. మూడు గంటల సినిమాలో హీరో అరవై మందిని కొట్టినా కదలని నా గుండె, దారప్పోగు ఈదితే లేచి కూర్చుంది.

“ఒక్క మనిషన్నా లేడు, నాకెందుకురా కళ్లు మండుతున్నాయి?” అన్నాడు బావ.

“జేబులో మిరపకాయ నలిగిందేమో చూసుకో” అన్నాను. నేనూ కళ్లు తుడుచుకున్నాను.

తర్వాత పావని సినిమా. తాలుకాయ కుంకుమ పూసుకుని ఎర్రకాయల్లో కలిసిపోతుంది. వాన పడి రంగు కారిపోతుంది. ఆకాశమంత చెయ్యి దిగి దాన్ని ఏరి పారేస్తుంది. అక్కడితో ఆగింది. మిగతాది అందరి ముందూ చెయ్యాలి. మేం తెచ్చిన కొత్త హీరోకి ఆవగింజలతో కళ్లు అతికించి, పావని మా వైపు చూసింది.

“నాన్నా, నీ చెయ్యి కావాలి. నేను చెప్పినప్పుడే కదపాలి.”

కాస్త కదపడం, ఫొటో తీయడం. మళ్లీ కాస్త కదపడం, మళ్లీ ఫొటో. బొమ్మకి ప్రాణం పోయడమంటే ఇంతేనట. అక్షింతలు చేతికొస్తే ఆగలేని మనిషి, తాలుకాయ పట్టుకుని రాతిబొమ్మలా నిలబడ్డాడు. చెమట ముక్కు చివర దాకా వచ్చి, అనుమతి కోసం ఆగింది. అంతా అయ్యాక తెర మీద చూశాం. ఆ పెద్ద చెయ్యి మెల్లగా దిగి, తాలుకాయని కుప్పలో తిరిగి పెట్టింది. ఎర్రకాయలు కాస్త సర్దుకుని చోటిచ్చాయి.

చప్పట్ల మోతకి హాలు పైకప్పు జానెడు లేచి కూర్చుంది. నా లెక్క తప్పయితే బెత్తెడు.

సాయంత్రం నిర్వాహకురాలు పావని పేరే చదివింది. బావ లేచి నిలబడి, “నిజంగా మా అమ్మాయేనాండీ? ఇంకోసారి చదవండి” అన్నాడు. ఆవిడ నవ్వి, మళ్లీ చదివింది.

ఆరున్నర రైలెక్కాం. చీరాల దాటాక చేలు మసకబారాయి. బావ కిటికీలోంచి చూస్తూ, “ఏవే పావనీ, పత్తంతా తీసేశాక చేలో ఒక్క కాయ మిగిలిపోద్ది చూడు. చీకటి పడ్డాక అది ఒక్కత్తే ఏం చేస్తదంటావు?” అన్నాడు.

పావని బాసింపట్టు వేసుకుని కూర్చుంది. “ఏమో. నువ్వే చెప్పు నాన్నా.”

బావ గొంతు సవరించుకుని కథ మొదలెట్టాడు. తెనాలి వచ్చింది. దిగాల్సిన వాళ్లు ఇద్దరు, సంచులు భుజాన వేసుకుని లేచినవాళ్లు, మళ్లీ కూర్చున్నారు.