సామ్యేలు నత్త, కరుణ నత్త

పెళ్ళిచూపులకు వెళ్ళేవాళ్ళు పూలో పండ్లో పట్టుకెళ్తారు. నేను నత్తల్ని పట్టుకెళ్ళి, కుదరబోయే సంబంధాన్ని నా చేత్తోనే నీళ్ళలో ముంచినంత పని చేశాను. నవ్వండి, ఫరవాలేదు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతున్నారు.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. మదనపల్లె కాలేజీలో జంతుశాస్త్రం చదువుతున్నాను. పుంగనూరులో సైన్సు చెప్పే దావీదు మాస్టరుగారికి ఒకటే పంతం, "బుర్ర ఉండే పిల్లోడికే నా బిడ్డనిస్తా" అని. ఆయన కూతురు కరుణను ప్రార్థన కూటంలో ఒక్కసారి చూశాను. ఆ తర్వాత నా బుర్ర నా దగ్గర లేదు.

సరిగ్గా అప్పుడే, మా మేనమామగారి ఊరు కుప్పంలో, చెరువు గట్టున రెండు నత్తలు దొరికాయి. ఒకటి చిన్నది, బక్కది. రెండోది పెద్దది, బొద్దుగా ఉంది. ఇంకేం, లోకానికి తెలియని రెండు కొత్త జాతులని తేల్చేశాను. కనిపెట్టినవాడిదే కదండీ పేరు పెట్టే హక్కు! బక్కదాని గుల్ల మీద ఎర్ర రంగుతో 'సామ్యేలు' అని నా పేరు రాశాను. పెద్దదాని మీద 'కరుణ' అని రాశాను. ఆలు లేదు చూలు లేదు, నత్త పేరు సామ్యేలు.

"యాలరా ఈ పురుగుల్ని మోసుకొస్తాండావు?" అన్నాడు మామ, పెళ్ళిచూపులకు పుంగనూరు వెళ్తూ, పెట్రోలు కరువుకి బొగ్గుతో నడిచే బస్సులో.

"పురుగులు కాదు మామా, నా అదృష్టం."

మాస్టరుగారింట్లో ఇత్తడి బేసిన్‌లో వాటిని వదిలి ఉపన్యాసం ఎత్తుకున్నాను. "చూడండి సార్, రెండూ వేర్వేరు జాతులు. దీనికీ దానికీ ఏ సంబంధమూ లేదు!"

మామ ఒకటే దగ్గుతున్నాడు. బేసిన్‌లోకి చూశాను. సామ్యేలు మెల్లగా పాకి కరుణ గుల్ల మీదికెక్కాడు. దిగే ఆలోచనలో ఉన్నట్టు లేడు.

విడదీయబోయాను.

"ముట్టగాకప్పా," అన్నారు మాస్టరుగారు. "గంటలకొద్దీ అట్లే ఉంటాయి. సిన్నది మగది, పెద్దది ఆడది. మొగుడూ పెళ్ళాల్ని పట్టుకొచ్చి రెండు జాతులంటివే! లావూ సన్నమూ సూసి జాతి సెప్పేటట్టుంటే, నేనూ మా యింటామె గూడా వేరే జాతులే."

వంటింట్లో గిన్నె ఒకటి గట్టిగా మోగింది.

నత్తకైతే గుల్ల ఉంది, లోపలికి ముడుచుకుని మూత వేసుకుంటుంది. నాకు అదీ లేదు. కరుణ ఇక దక్కదనుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బుర్ర సంగతి తేలిపోయె," అన్నారు మాస్టరుగారు లేస్తూ. నా మొహం చూసి కాస్త మెత్తబడ్డారేమో, లోపలికి తిరిగి, "ఏమ్మా కరుణా, నువ్వేమంటావు?" అన్నారు.

తలుపు చాటున అప్పటిదాకా ఆపుకున్న నవ్వు ఒక్కసారిగా బయటికొచ్చింది.

"నన్నడిగేదేముండాది నాయనా? ఆడ బేసిన్‌లో కరుణ ఒప్పుకునేసింది గదా!"

ఆరోజే బైబిలు మీద చెయ్యేసినంత నిష్ఠగా ఒట్టు పెట్టుకున్నాను, నా జన్మలో ఇక ఏ ప్రాణికీ పేరు పెట్టనని. మా పిల్లలందరికీ పేర్లు కరుణే పెట్టింది.