గంధం వారి కొవ్వొత్తులు

మా ముత్తాత గంధం నర్సయ్య సేఠ్ పన్నెండు నవాబుల దేవిడీలకు అత్తరు పోసినవారు. తాతగారు రాజలింగం సేఠ్ నడిచి వెళ్ళిన వీధిలో మధ్యాహ్నం దాకా కుక్కలు కూడా మర్యాదగా మొరిగేవట. ఆ వంశంలో పుట్టిన నేను ఒక శాకాహార సంఘాన్ని ఒక్క సాయంత్రంలో కూల్చాను. ఎలాగో చెబుతాను. నవ్వండి, కానీ నిటారుగా కూర్చుని నవ్వండి.

అప్పటికి మాకు మిగిలింది సికింద్రాబాదులో ఒక్క అత్తరు దుకాణం. అదీ చేజారేలా ఉంది. సువాసన కొవ్వొత్తులు చేసి దాన్ని నిలబెడదామనుకున్నాను. అంతలో మల్కాజ్‌గిరి శాకాహార సంఘం అధ్యక్షుడు పోయారు. సంతాప సభకు నలభై కొవ్వొత్తులు కావాలన్నారు. నచ్చితే ప్రతి నెలా తీసుకుంటామన్నారు. దుకాణం ప్రాణం ఆ నలభై వత్తుల మీద నిలిచింది.

కరిగిన మైనంలో మొదట గులాబీ నీళ్ళు పోశాను. కలవలేదు సరికదా, చిటపటలాడి నా ఎడమ మీసాన్ని మైనంలో ముంచాయి. మల్లెపూలు వేస్తే పకోడీల్లా వేగాయి. మూడు రోజుల ఆ పొగకు నా ముక్కు పూర్తిగా మొద్దుబారింది. కానీ గంధం వారి బిడ్డకు వాసన తెలియడం లేదని ఎవరితో చెప్పుకుంటాను?

చివరికి తాతగారి పెట్టె తెరిచాను. మా ఇంట సీసాలకు పేర్లు అంటించరు. ముక్కున్నవాడికి చీటీ ఎందుకని మా వాళ్ళ అభిప్రాయం. ఒక సీసా తీసి, కళ్ళు మూసుకుని, గాఢంగా పీల్చి, "చందనం" అని ప్రకటించాను.

"చందనమా?" మా ఆవిడ సుజాత గుమ్మంలోంచే నవ్వింది. "జెర మల్ల సూడుండ్రి. మీ తాత దావతుల వంటలకు తీసిన బిర్యానీ అత్తరు గది. మొగలి, షాజీరా గుప్పున గొడ్తున్నయ్!"

"గంధం వారికి నువ్వు వాసన నేర్పుతావా?"

"నాకేంది? మీ ముక్కు, మీ ఇష్టం."

మైనాన్ని పొయ్యి మీంచి దించి, కాస్త చల్లారాక సీసా మొత్తం పోశాను. వేడి మీద పోస్తే వాసన ఎగిరిపోతుంది కదా. ఆ ఒక్క పని మాత్రం శాస్త్రోక్తంగా చేశాను.

సభలో నలభై కొవ్వొత్తులూ వెలిగాయి. రెండు నిమిషాల మౌనం మొదలైంది. అర నిమిషానికే ఎవరి కడుపో సంతాపం ప్రకటించింది. నలుగురు గుటకలు మింగారు. కార్యదర్శి యాదగిరి గారు మౌనం మధ్యలోనే గర్జించారు.

"ఏందిది? సారు ఫోటో ముందల బిర్యానీ వాసనా? ఎవడు తెచ్చిండో మర్యాదగ చెప్పుండ్రి!"

కోశాధికారి లేచాడు. "నాదే సార్. స్కూటర్ డిక్కీల పెట్టిన. గింత దూరం వాసనొస్తదనుకోలే."

"నువ్వు సుతనా!" వెనక వరుసలోంచి ఇంకొకాయన లేచాడు. "నేనొక్కణ్ణే అనుకుంటి గదనే!"

మూడో ఆయన సంచీని గుండెకు హత్తుకున్నాడు. "నాది సింగిల్ ప్లేటే. ఇంట్ల పిల్లగాళ్ళకు."

నేను నిటారుగా నిలబడే ఉన్నాను. ఇంతమంది మనస్ఫూర్తిగా ఒప్పుకుంటుంటే అడ్డు రావడం సభ్యత కాదు.

అప్పుడు పోయినాయన భార్య లేచి, ఒక కొవ్వొత్తి మీదికి వంగి వాసన చూసింది. నా నడుము మొదటిసారి వంగింది.

"గీ మైనంలకెల్లే వస్తుంది," అంది. తర్వాత భర్త ఫోటో వైపు తిరిగింది. "ఐతారం ఐతారం ఈయన కమీజు సుత గిట్లనే వాసనొస్తుండె. మీటింగుల ముట్టించిన అగర్‌బత్తి అని చెప్తుండె నాకు!"

సంఘం అక్కడికక్కడే రద్దయింది. సభ్యులందరూ కలిసికట్టుగా ఎటో వెళ్ళారు. ఎటని నేను అడగలేదు.

తాతముత్తాతల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకపై నా ముక్కు పనిచేయని నాడు నా భార్య ముక్కును ఆశ్రయిస్తాను, అదీ ఎవరూ చూడకుండా.

దుకాణాన్ని ఆ దసరాకు ముందే అమ్మేశాం, గాజు బీరువాలతో సహా.