మూడు ముడుల ఎరుపు

మా చేనేత సంఘానికి టెలిఫోన్ వచ్చినంక, నూలు కోసం బండి కట్టుకొని నల్గొండ డిపోకు పోయే బాధ తప్పుతదనుకున్నం. తీరా చూస్తే, ఫోన్ల చెప్పి తెప్పించిన ఎరుపు నా చీర అంచుకు కలువలే. సగం నేసిన చీర మగ్గం మీదనే ఆగింది. నాకు ఒళ్లు మండింది. ఫోన్ల మాట్లాడింది మా నాయిననే. డిపోల ఎప్పుడూ పోగు చూపెట్టి అడిగిన అలవాటాయె, ఫోనుకు గూడ పోగు చూపెట్టి, "ఇగో, గీ ఎరుపే పంపుండ్రి" అన్నడట!

సంఘం అధ్యక్షుడు ఎవర్నీ కసరలే. మళ్లొక్కసారి బండి కట్టించి తనే పోయిండు. ఒక్కో రంగుల ఉన్న ఒక్కో ఛాయకు రెండు పోగులు తీసి, ఛాయకిన్నని రెండిటికీ ఒక్క తీరుగ ముడులేసి, ఒకటి డిపోల ఉంచి, ఒకటి మాకు తెచ్చిండు. ఇగ ఫోన్ల రంగుతో పాటు ఎన్ని ముడులదో గూడ చెప్పాలె.

తర్వాత వచ్చిన మూట విప్పి, నాయిన కొత్త పోగును అంచు మీద పెట్టిండు. ఏది పాతదో ఏది కొత్తదో తెలువలే. హమ్మయ్య అనుకుంట మగ్గం గుంతల కాళ్లు పెట్టి కూసున్న.

నాయిన మాత్రం ఉన్నన్ని రోజులు "మూడు ముడుల ఎరుపు" అని ఫోన్ల చెప్పుకుంటనే, ఎందుకైనా మంచిదని పోగు గూడ చూపెట్టేటోడు.