ఎర్ర తోటకూర మడి

"ఎండిపోయిన కూర పీకితే గింత లొల్లి ఏంది అత్తమ్మా?"

"అది కూర గాదే. ఇత్తనానికని ఇడిచిపెట్టిన."

"నాకేమెరుక? మీరు జరంతోని పన్నరు. అడుగుదామంటే కండ్లు తెరవకపోతిరి."

"తెల్వనిది ముట్టద్దు. బంతిపూలు కూరొండుకుంటమా? రేపు పొద్దుగాల ఆ నారంత పీకేస్త."

"పీకున్రి. నేను మల్ల పెడ్త."

మడి గట్టు మీద నిలబడి నేనూ నా కోడలూ ఇట్లా అనుకుంటుంటే మౌలాలి దిక్కు నుంచి గూడ్సు బండి వచ్చింది. ఆ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. ఇద్దరం నోరు మూసుకుని చూస్తూ నిలబడ్డాం. డబ్బాల సందుల్లోంచి అవతలి ఆకాశం ముక్కలు ముక్కలుగా కదిలిపోయింది. బండి పోయాక, తిట్టడం ఎక్కడ ఆపానో నాకు గుర్తు రాలేదు.

రాష్ట్రం వచ్చిన ఏటి తొలకరి అది. ఆ ఏడు బతుకమ్మను వాడలో అందరికంటే ఎత్తుగా పేర్చాలని కోడలి ఆశ. ఉప్పల్‌లో పూలు కొనడానికి నేను పైసలివ్వనని ఆమెకు తెలుసు. అందుకే నేను మంచం పట్టిన వారంలో తోటకూర చెట్లు పీకి, మట్టి గుల్ల చేసి, బంతి నారు పెట్టి రోజూ నీళ్ళు పోసింది. పీకినవన్నీ బర్రెలున్న ఆయనకు ఇచ్చేసింది. ఒక్క కంకి మిగల్లేదు.

పట్టాల పక్కనున్న ఆ జాగా రైల్వేది. మా మామ పట్టాల మీద పనిచేసిన రోజుల్లో కూరగాయలు పండించుకొమ్మని ఇచ్చారు. ఆయన తర్వాత నా పెనిమిటి, ఆయన తర్వాత నా కొడుకు అదే కొలువులో చేరారు కాబట్టి మడి మా ఇంట్లోనే ఉండిపోయింది. పొమ్మన్ననాడు పోవాలి. అందుకే మా అత్త "జాగ మనది గాదు బిడ్డా, ఇత్తనం మనది" అనేది. ఆ ఎర్ర తోటకూర విత్తనం ఆమె పుట్టింటి నుంచి కొంగున ముడేసుకుని తెచ్చింది. ఏటా ఏపుగా ఎదిగిన చెట్లను కోయకుండా వదిలేసి, కంకి ఎండాక గింజ రాల్చుకోవాలి. దుకాణంలో విత్తనం కొన్న ఇల్లు కాదు మాది.

జ్వరంలో నాకు ఆ మడే కనబడింది. ఎర్రటి కంకులు మనిషెత్తు పెరిగి మెల్లగా ఊగుతున్నాయి. వాటి నడుమ మా అత్త కూర్చుని అరచేతుల మధ్య కంకి నలుపుతోంది. నల్లటి సన్న గింజలు రాలుతుంటే రేకుల మీద చినుకులు పడ్డట్టు చప్పుడు. "ఒడి పట్టు" అంటోంది. నేను పట్టబోతే అక్కడ చీర చెంగు లేదు, ఉత్త మంచు.

మడి కాడ లొల్లి అయిన సాయంత్రం ఇంట్లో డబ్బాలన్నీ దులిపి చూశాను. పాత గింజ ఒక్కటీ లేదు. ఏ ఏటి విత్తనం ఆ ఏడే చల్లడం, వృథాగా దాచకపోవడం నా పద్ధతి. అత్త కొంగున వచ్చింది నా చేతిలో ఆగిపోయింది అనుకున్నాను. కోడలు గంజి తెచ్చి పక్కన పెట్టింది. నేను తాగి అటు తిరిగి పడుకున్నాను.

తెల్లారి అన్నంత పనీ చేద్దామని గంప పట్టుకుని బయలుదేరాను. కోడలు బకెట్ తీసుకుని వెనకే వచ్చింది. మబ్బు దిగి ఉంది, పట్టాలు కొంత దూరం దాకానే కనబడుతున్నాయి. వంగి మొదటి బంతి మొక్కను మొదలు దగ్గర పట్టుకున్నాను. దాని చుట్టూ మట్టి ఎర్రగా కనబడింది. కండ్లు నులుముకుని చూస్తే, మడి నిండా వెంట్రుకల్లాంటి ఎర్ర మొలకలు, రెండేసి ఆకులతో. తోటకూర పీకేటప్పుడు రాలిన గింజలు. కోడలు తవ్వి మట్టిలో కలిపింది, బంతికి పోసిన నీళ్ళు అవి తాగాయి.

బంతి పీకితే దాని వేళ్ళతో మొలకలూ లేచి వస్తాయి. చెయ్యి వదిలేశాను.

"గుమ్మరించకు, కొట్టుకపోతయి," అన్నాను. "చేత్తోని చిలకరియ్యి."

కోడలు బకెట్‌లో చెయ్యి ముంచి చిలకరించింది. నేను ఖాళీ గంపతో ఇంటికి వచ్చాను.